లాగని ఆసనం

గట్టుప్పల్,
25 జూన్ 2023

కోమలకు,

మీ వదిన యాదలక్ష్మి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి ఆ మాట రాయబుద్ధి కాలేదు. మీ అన్న క్షేమంగా లేడు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నీతో ఏదైనా చెప్పబోతే మీ అన్న పక్క నుంచి "గదేం లేదు, మంచిగనే ఉన్నడని చెప్పి పెట్టేయ్" అని అడ్డం పడుతున్నాడు. పైగా నువ్వు చెప్పే ఆసనాలు ఒక చెవితో విని గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు. కాగితం మీద ఉంటే మంచం పక్కన పెట్టుకొని చూస్తూ చేయిస్తాను. ఏడో తరగతితో ఆపేసినా నా రాత ఎట్లా ఉందో చూడు. నీ అంత చదివినవాళ్లు ఈ రాత రాయమంటే రాయలేరు.

మీ అన్న మెడ ఇప్పుడు అసలు తిరగడం లేదు. పిలిస్తే తల తిప్పడు, మనిషి మొత్తం తిరుగుతాడు. నల్లగొండ దవాఖానలో చూపించాం. చిన్నప్పుడు మీ మర్రిగూడ దిక్కు తాగిన బావి నీళ్ల ఫ్లోరైడు ఎముకల్లోకి దిగిందని, దాన్ని ఇప్పుడు బయటికి తీసే మందు లేదని డాక్టరు చెప్పాడు. నొప్పి గోలీలతో కడుపు మండుతోంది, వాటిని తగ్గించుకొని మెల్లగా చేసే యోగా ఏదైనా నేర్చుకోమన్నాడు. మీ అన్న ఆ ఒక్క మాటే పట్టుకొని, మొన్న యోగా దినం నాడు టీవీ ముందు నిలబడి, ఆ పిల్లలు వంగినట్టు వంగబోయాడు. నడుము పట్టేసింది. అప్పటి నుంచి యోగా పేరెత్తితే కసురుకుంటున్నాడు.

ఏడాదిగా ఆ మనిషి వెన్ను మంచానికి ఆనలేదు. గోడకు దూది మెత్త పెట్టుకొని, కూర్చొనే కునుకు తీస్తున్నాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టడం మానేశాడు. నూలు కండెలు చుట్టమంటే చుడతాడు, అదీ గోడ దిక్కు తిరిగి. మొన్న ఆ గోడతోనే చెప్పినట్టు "నా పని అయిపాయె తీ" అన్నాడు. నేను విననట్టే ఉన్నాను. ఆయన మళ్లీ మగ్గం ఎక్కాలని నేను అడగడం లేదు. ఒక్కసారి వెన్ను వాల్చి కడుపునిండా నిద్రపోతే చాలు. మీ మహబూబ్‌నగర్‌లో ముసలివాళ్లకు మెల్లగా చేసే యోగా చెప్తున్నావట కదా, అది రాసి పంపు.

మామిడికాయ తొక్కు డబ్బా ఎప్పుడు తిరిగి పంపుతావు? డబ్బా మంచిది, అందుకే అడుగుతున్నాను.

నీ వదిన,
యాదలక్ష్మి

*

మహబూబ్‌నగర్,
3 జులై 2023

వదినకు,

నీ ఉత్తరం నిలబడి ఒకసారి, కూర్చొని ఒకసారి చదివాను. నువ్వు అడిగినందుకు నాకెంత సంతోషమయిందో చెప్పలేను. ఆ బావి నీళ్లే నేనూ తాగాను. పెండ్లి చేసి ఇటు పంపారు కాబట్టి బతికిపోయాను, అన్న ఆ దిక్కే ఉండిపోయాడు. అన్నకు నా చేతనైంది చేసే అవకాశం ఇన్నేండ్లకు నువ్విచ్చావు.

ముందు ఒక సంగతి. మెల్లగా చేసే యోగా అంతా ఒకటి కాదు. మా కాలనీ హాల్లో శారదమ్మ టీచరు, నేను కలిసి క్లాసు నడుపుతున్నాం. రిటైరయిన కండక్టరు ఒకాయన వస్తాడు. "అందరు పండుకోనే ఉన్నరు గదమ్మా, గీ పండుకునుడుకు ఇన్ని పేర్లెందుకు?" అని అడిగాడు. చూస్తే అట్లాగే ఉంటుంది మరి.

ఒకటి, మెల్లగా కదిలేది. ఊపిరి పీల్చుకుంటూ చెయ్యి లేపుతాం, వదులుతూ దించుతాం. మామూలు యోగానే, కానీ తొందర ఉండదు. ఇంకొకటి యిన్ యోగా. ఇందులో కదలికే లేదు. ఒక భంగిమలోకి వెళ్లి, ఒళ్లు బిగించకుండా, కొన్ని నిమిషాలు అట్లాగే ఉండిపోతాం. తుంటి దగ్గరో నడుము దగ్గరో లోపల లోతుగా లాగుతుంది. ఆ లాగుడుకు భయపడకుండా దానితోనే ఉండాలి. నాకు ఇదంటే ప్రాణం వదినా. మొదట్లో ఎప్పుడు వదిలేద్దామా అనిపిస్తుంది, కాసేపటికి లోపల ఏదో కరిగినట్టవుతుంది. లేచాక నడక మారిపోతుంది. దీని గురించి రాస్తూ పోతే కాగితం చాలదు.

అన్నకు చేయించాల్సింది మూడోది. రెస్టోరేటివ్ అంటారు, మనం విశ్రాంతి యోగా అనుకుందాం. ఇది కూడా కదలకుండా ఉండేదే, కానీ ఎక్కడా లాగకూడదు. ఒంటి కింద మెత్తలు, దుప్పట్లు పెట్టి మనిషి బరువంతా వాటి మీద వదిలేయాలి. మా దగ్గర ఆపరేషన్ అయినవాళ్లకు, బాగా నీరసించినవాళ్లకు ఇదే ఇస్తాం. వీపు కింద ఏటవాలుగా మెత్తలు, తల కింద ఒకటి, మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి పెట్టు. మొదట డాక్టరును ఒక మాట అడుగు.

అట్లా పడుకున్నాక నువ్వు పక్కన కూర్చొని "కుడి పాదం వదులు, కుడి మోకాలు వదులు" అని కింది నుంచి పైదాకా మెల్లగా చెప్పుకుంటూ రా. దాన్ని యోగనిద్ర అంటారు. నీ గొంతు ఊరంతా వినపడుతుంది, జర తగ్గించి చెప్పు.

డబ్బా ఖాళీ కాలేదు.

నీ కోమల

*

గట్టుప్పల్,
16 జులై 2023

కోమలకు,

డాక్టరును అడిగాను, మెత్తల మీద పడుకోవడానికి నన్నడగడం ఎందుకన్నాడు. మొదలుపెట్టాం. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అయితే నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివి నా బుద్ధి కొద్దీ ఆలోచించాను. నువ్వు మీ అన్నను ఆపరేషన్ అయినవాళ్లతో, నీరసించినవాళ్లతో కలిపావు. ఆ ముక్క చదివి వినిపించేటప్పుడు నేనే మింగేశాను. ఆయన మంచాన పడ్డ మనిషి కాదు కోమలా. మెడ తిరగదు, అంతే. చేతిలో బలం ఇంకా అట్లాగే ఉంది.

ఇంకో మాట. నేను బుద్ధి తెలిసినప్పటి నుంచి మగ్గానికి పడుగు పోగులు సాగదీసేదాన్ని. పడుగు వదులుగా ఉంటే నేత పడదు, బట్టంతా గుంటలు పడుతుంది. బిగువు లేకుండా మంచి పని జరగడం నేనెక్కడా చూడలేదు. నువ్వే రాశావు, లాగితేనే లోపల కరుగుతుందని, లేచాక నడక మారిపోతుందని. నువ్వు ప్రాణమన్నదాన్ని నీకు ఉంచుకొని, ఏమీ లాగనిదాన్ని అన్నకు పంపుతావా? చెల్లెలివి కాబట్టి భయపడి అట్లా రాశావని అర్థం చేసుకున్నాను.

అందుకని రెండోదీ మూడోదీ కలిపాను. మొదట మెత్తలన్నీ పెట్టి పడుకోబెడతాను. కాసేపయ్యాక వీపు కింది మెత్త ఒకటి మెల్లగా తీసేస్తాను. వీపు కిందికి దిగుతుంది, లాగుతుంది. మరునాడు ఇంకొంచెం. అట్లా తీసుకుంటూ పోతే ఒకరోజు మంచానికి ఆనుతుంది కదా. మీ అన్న ఒక్క మాట అనడం లేదు. కండ్లు మూసుకొని, పండ్లు బిగబట్టి ఉంటాడు. కష్టపడే మనిషి, ఓర్చుకుంటున్నాడు. నేను పక్కన కూర్చొని నుదుటి మీద చెయ్యి పెట్టి నీ పాదం, మోకాలు అన్నీ చదువుతున్నాను. రోజూ ఈ వేళకు తనే మంచం దగ్గరికి వస్తున్నాడంటే చూసుకో.

నిద్ర ఇంకా పట్టలేదు. పడుతుంది.

నీ వదిన,
యాదలక్ష్మి

*

మహబూబ్‌నగర్,
21 జులై 2023

వదినా,

ఈ ఉత్తరం అందిన వెంటనే మెత్తలు తియ్యడం ఆపెయ్. ఫోన్ చేస్తే అన్నే ఎత్తాడు, "మంచిగనే ఉన్న" అని పెట్టేశాడు. నీకు ఇవ్వమంటే ఇవ్వలేదు. అందుకే ఈ కాగితం.

నేను రాసిందేమిటి, నువ్వు చేసిందేమిటి? యిన్ అన్నది బిగిసిన ఒంటికి. మా అన్న ఒళ్లు అట్లా బిగిసింది కాదు. ఆయన వెన్నులో ఎముకకూ ఎముకకూ మధ్య సాగాల్సినది కూడా ఎముకలాగే గట్టిపడిపోయింది. దాన్ని లాగితే సాగదు, విరుగుతుంది. లోపల నరం నలిగిందంటే కాళ్లు కూడా పోతాయి. పండ్లు బిగబట్టాడని సంతోషంగా రాస్తావా? పండ్లు బిగబట్టాడంటే అది యోగా కాదు, శిక్ష. తెలియనప్పుడు చెప్పినట్టు చెయ్యాలి గానీ సొంత తెలివి కలపకూడదు.

పడుగు మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. నేనూ నేసే సాలోళ్ల ఇంటి పిల్లనే. సాయంత్రం మగ్గం దిగేటప్పుడు బాపు ఏం చేసేవాడు? పడుగు వదులు చేసి దిగేవాడు. రాత్రంతా బిగువు మీద ఉంచితే పోగు అలిసిపోతుందనేవాడు. నేసేటప్పుడు బిగువు కావాలి, నిజమే. అన్న ఇప్పుడు నేత మీద లేడు వదినా. మగ్గం దిగిన మనిషి.

కోమల

*

గట్టుప్పల్,
30 జులై 2023

కోమలకు,

ఉత్తరం అందింది. మెత్తలు తియ్యడం ఆపేశాను. నల్లగొండ తీసుకుపోయి చూపించాను. కొత్తగా ఏమీ చెడలేదని చెప్పారు.

నాకు తెలివి లేదని రాశావు. లేదు. తెలివి ఉన్నవాళ్లు దూరంగా ఉన్నారు కాబట్టి ఉన్నవాళ్లం చేస్తున్నాం. మగ్గం దిగిన మనిషి అన్నావు. ఆ మాట నేను ఆయనకు చదవలేదు.

ఇప్పుడు ఏ యోగా లేదు. గోడకు ఆనుకొని కూర్చుంటున్నాడు.

యాదలక్ష్మి

*

మహబూబ్‌నగర్,
6 ఆగస్టు 2023

మా వదినకు,

నీ చిన్న ఉత్తరం నన్ను బాగా కొట్టింది. భయంలో రాశాను. భయపడ్డప్పుడు నా నోరు మా అమ్మ నోరవుతుంది, నీకు తెలుసు కదా.

తప్పు నా దగ్గర కూడా ఉంది. ఇష్టమైన యిన్ గురించి మురిసిపోతూ రాసి, అన్నకు కావాల్సినదాని గురించి మందుచీటీలా రాశాను. చదివినవాళ్లు దేన్ని గొప్పదనుకుంటారు? శారదమ్మ టీచరుకు చెప్తే అదే అన్నది. "ఏం చేయని యోగా నేర్పుడే కష్టం కోమలా, చేసినట్టు అనిపించదు గద" అన్నది. ఇక్కడ కూడా అందరూ మొదటి రోజు లాగుడు లేదేమని అడుగుతారు. కండక్టరాయనైతే ఇంటికి పోయి ఫీజు దండగని చెప్పాడట. ఆపరేషన్ అయినవాళ్ల మాట కూడా తీసేస్తున్నాను. నేను రోజూ సాయంత్రం ఇదే చేస్తాను. నాకు ఏ ఆపరేషనూ కాలేదు.

కోపం ఉంచుకో, కానీ ఇంకొక్కసారి చేయించు. ఇప్పుడు మెత్తలు తియ్యడం కాదు, పెట్టుకుంటూ పోవాలి. ఆయన పడుకున్నాక నీ అరచెయ్యి మెల్లగా ఒంటి కింద జరిపి చూడు. మెడ కింద, నడుము కింద, మోకాళ్ల కింద, మోచేతుల కింద. ఎక్కడ చెయ్యి దూరితే అక్కడ ఖాళీ ఉన్నట్టు. ఆ ఖాళీని ఆయన ఒళ్లు గాలిలో మోస్తోంది. అక్కడ బట్ట పెట్టు. చెయ్యి ఎక్కడా దూరనప్పుడు ఆపు. వెన్ను మంచం దగ్గరికి రాదు వదినా, ఎప్పటికీ రాదు. మంచాన్నే వెన్ను దగ్గరికి తీసుకుపోవాలి.

ఇది ఫ్లోరైడును కరిగించదు. మెడను తిప్పదు. ఆ ఆశ నీకు పెట్టను. నిద్ర మాత్రం రావచ్చు.

ఒక్కటే అర్థం కాలేదు. అంత నొప్పి పెడుతుంటే అన్న ఎందుకు చెప్పలేదు? అడిగి రాయి.

నీ కోమల

*

గట్టుప్పల్,
27 ఆగస్టు 2023

కోమలా, నా బంగారు కోమలా,

ఉత్తరం ఆలస్యమయిందని కోపమనుకున్నావేమో. కోపం నీ ఉత్తరం చదివిన రోజే పోయింది. ఏదో ఒకటి జరిగాకే రాయాలని ఆగాను. ఇప్పుడు జరిగింది.

మీ అన్న పడుకున్నాడు. వెన్ను వాల్చి పడుకున్నాడు. నిద్రపోయాడు.

నువ్వు చెప్పినట్టు చెయ్యి జరిపి చూశాను. ఎక్కడ పెడితే అక్కడ దూరింది. ఇన్నేండ్లు పక్కన ఉన్నాను, ఆ మనిషి ఒళ్లు ఇన్నిచోట్ల గాలిలో నిలబడిందని నాకు తెలియదు. ఇంట్లో మెత్తలు చాలలేదు. దుప్పట్లు అయిపోయాయి. పాత చీరలు మడతపెట్టి మెడ కింద పెట్టాను, తువాలలు చుట్టి మోచేతుల కింద పెట్టాను. పక్కింటి బుచ్చయ్య వచ్చి చూసి "ఏందక్కా, లింగన్నను మూట కడుతున్నవా?" అన్నాడు. మీ అన్న నవ్వాడు. ఆయన నవ్వు విని చాలా రోజులయింది.

మొదటి రోజులు నిద్ర రాలేదు. ఊరికే పడుకున్నాడు. నాకు చేతులు దురద పెట్టాయి, జర లాగితే బాగుండునని. నిన్ను తలచుకొని చేతులు ముడుచుకున్నాను. తరువాత ఒక మధ్యాహ్నం పాదం అయిపోయి, మోకాలు అయిపోయి, నడుము దగ్గరికి వచ్చేసరికి గురక వినిపించింది. నేను చదవడం ఆపలేదు, ఆపితే లేస్తాడేమోనని. నీ ఉత్తరం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివాను. అదీ అయిపోతే తొక్కు డబ్బా ఖాళీ కాలేదన్న ముక్క కూడా అదే గొంతుతో చదివాను. ఏడుపు వచ్చింది, కానీ కదిలితే మంచం కిర్రుమంటుందని కొంగు కూడా తీసుకోలేదు. లేచాక ఆయన "ఎంతసేపు పండుకున్న?" అని అడిగాడు. అన్నం తినే వేళ దాటిపోయిందని చెప్పాను. అప్పటి నుంచి చాలాసార్లు పడుకున్నాడు. కొన్నిసార్లు పట్టదు. పట్టని రోజు కూడా గోడ దిక్కు తిరగడం లేదు.

మగ్గం దిగిన మనిషి అన్న నీ మాట ఆయనకు చదివి వినిపించాను, ధైర్యం చేసి. బాధపడతాడనుకుంటే "నిజమే గద, బాపు గట్లనే చేస్తుండె" అన్నాడు. చాలాసేపు మీ బాపు ముచ్చట్లు చెప్పాడు. నేనే దాన్ని తిట్టు అనుకున్నాను.

నొప్పి ఎందుకు చెప్పలేదని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. మొండి మనిషి, అంతకంటే ఏముంటుంది.

ఇక ఫికర్ లేదు. ఏ మెత్త ఎక్కడో ఆయనకే వచ్చేసింది. బుచ్చయ్య ఒక చెయ్యి వేస్తే సరిపోతుంది. వచ్చే నెల మొదటి నుంచి మధ్యాహ్నం కూడా మగ్గం ఎక్కుతాను. చీర ఒకటి సగంలో ఉంది. నేను పక్కన కూర్చునే పని ఇక లేదు.

నీ మేలు మరిచిపోను తల్లీ. ఆ డబ్బా నువ్వే ఉంచుకో.

నీ వదిన,
యాదలక్ష్మి

*

గట్టుప్పల్,
29 ఆగస్టు 2023

చెల్లె కోమలకు,

మీ అన్న లింగయ్య రాసేది. నాకు మీ తీరు రాయరాదు, మాట్లాడినట్టే రాస్తున్న. తప్పులుంటె నవ్వుకో. మీ వదినకు తెల్వకుండ రాస్తున్న, ఆమెకు చెప్పకు.

నిద్ర పడుతాంది. నీ దయ. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకోని తిరిగిన, గిప్పుడు నువ్వే నన్ను పండవెడుతున్నవు. ఇంకేం రాయాలె. నువ్వు సల్లగుండాలె.

నొప్పి ఎందుకు చెప్పలేదని నువ్వడిగినవు, ఆమె అడిగింది. ఆమెకు చెప్పలేదు, నీకు చెప్తున్న. పెండ్లయిన కాన్నుంచి ఆమె ఒక్క కాడ ఊకె కూసున్నది నేను సూడలే. పొద్దుగాల పోగులు, ఎండెక్కితె మగ్గం, పొద్దుమూకితె పొయ్యి. ముచ్చట వెట్టినా మగ్గం మీదికెల్లే. గసొంటిది నీ కాగితం వట్టుకోని వచ్చి నా పక్కన కూసున్నది. నుదురు మీద చెయ్యి వెట్టింది. ఆమె చెయ్యి గంత మెత్తగుంటదని మర్సిపోయిన. మెత్త గుంజినప్పుడు పానం పోయినట్టే ఉండె. నొప్పి అంటె ఇగ చాలిచ్చి లేసి పోతదని ఊకున్న. గంతే చెల్లె, ఇంకేం లేదు.

ఇగ ఇప్పుడు మెత్తలు నాకే వచ్చినయని, మగ్గం ఎక్కుతనంటాంది. ఎక్కని. పనున్నది, వద్దనను. బుచ్చయ్య మంచోడే. కని బుచ్చయ్య చెయ్యి నాకేం జేసుకోను?

నేను నోరు తెరిసి అడిగితె, ముసలితనంల ముద్దులెక్కువైనయని నవ్వుతది. నాకు సిగ్గయితది. నువ్వు రాస్తె మాత్రం ఇంటది, నీ కాగితం అంటె ఆమెకు శాసనం. పక్కన మనిషి కూసోవాలె అని రాయి. యోగాల గట్లనే ఉన్నదని రాయి. నువ్వు అబద్ధమాడవని తెలుసు. అన్న అడిగిండని ఒక్కసారి రాయి.

గీ ఉత్తరం నేనే పోయి పోస్టు డబ్బల ఏసొస్త. బడి పక్కకే ఉన్నది. గా దిక్కు పోక యాడాదైంది. మెడ తిరుగకున్నా కాళ్లు నడుస్తున్నయి.

మీ అన్న,
లింగయ్య

*

మహబూబ్‌నగర్,
2 సెప్టెంబర్ 2023

వదినకు,

అన్న నిద్రపోయాడన్న నీ ఉత్తరం శారదమ్మ టీచరుకు చదివి వినిపించాను. క్లాసులో అందరికీ వినిపించాను. కండక్టరాయన కండ్లు తుడుచుకొని, ఇకనుంచి తనకూ అన్ని మెత్తలు కావాలన్నాడు.

నువ్వు మగ్గం ఎక్కుతానన్నావు, మంచిదే. చీర పూర్తి చెయ్యి. కానీ ఒక ముఖ్యమైన సంగతి రాయడం మరిచిపోయాను, మన్నించు. విశ్రాంతి యోగాలో మెత్తలు ఎంత బాగా సర్దుకున్నా, పడుకున్న మనిషి పక్కన ఇంకొక మనిషి కూర్చోవాలి. ఇది నియమం. ఆ మనిషి రోజూ ఒక్కరే అయి ఉండాలి. బుచ్చయ్య పనికిరాడు. కూర్చున్న మనిషి చేతిలో కండె గానీ పోగు గానీ ఉండకూడదు. ఒక చెయ్యి నుదుటి మీద ఉండాలి. మధ్యలో లేస్తే చేసిందంతా వృథా అవుతుంది.

ఇది ఏ పుస్తకంలో ఉందని అడుగుతావేమో. టీచరును అడిగాను. ఉందో లేదో చెప్పలేదు గానీ, తప్పు మాత్రం కాదన్నది.

ఈసారి నా మాట పొల్లు పోకుండా చెయ్యి వదినా. సొంత తెలివి కలపకు. నిజమా కాదా అని అన్నను అడగకు, ఆయనకు ఈ సంగతులేవీ తెలియవు. ఈ ఉత్తరం మడిచి పెట్టి, పోయి ఆయన పక్కన కూర్చో.

నీ కోమల